అక్క మొక్కిన నీహారిక

అమ్మకు ఎడమకన్ను షుగర్‌తో ఎప్పుడో పోయింది. మిగిలిన కుడికన్నులో కూడా నల్లమచ్చలు తేలుతున్నాయంటే సూర్యాపేట నుంచి మిర్యాలగూడ కంటి దవాఖానకు తీసుకుపోయాను. లోపల రక్తం చిమ్మిందన్నాడు డాక్టరు. స్కాన్ తీసి, నరం ఉందో పోయిందో ఎల్లుండి చెప్తానన్నాడు. అప్పటిదాకా నాకు అన్నం సయించలేదు.

నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. ఎంత దిగులున్నా పాఠం ఆగదు కదా. మర్నాడు పిల్లల కోసం వాట్సాప్ స్టేటస్‌లో గ్రహ నీహారిక ఫోటో పెట్టాను. పేరుకే గ్రహం. నిజానికి దక్షిణాకాశంలో ఒక ముసలి నక్షత్రం తన పైపొరలు వదిలేసుకుంటుంటే ఆ వాయువు అట్లా వెలుగుతుంది. చుట్టూ ఎరుపు, మధ్యలో నీలం, అచ్చం కంటిపాపలా. కింద ‘ఆరిపోతున్న వెలుగు’ అని నా కవిత్వం ఒకటి.

కోదాడలో అక్క దాన్ని చూసి అమ్మ కంటి స్కానే అనుకుంది. ఫోన్ చేసి అడగొచ్చు కదా? అడగదు. అడిగితే నిజమైపోతుందని భయం. ఒక్కతే కూర్చుని ఏడ్చి, నరసింహస్వామికి తలనీలాలు మొక్కుకుంది. నడుం దాటే జడ ఆమెది. దాని మీద ఎవరు చెయ్యేసినా గయ్యిమనేది.

చెప్పిన రోజుకు దవాఖానకు తనూ వచ్చింది, కళ్లు ఉబ్బించుకుని. నరం బాగుంది, సూదులతో నయమవుతుంది, చూపుకు ఢోకా లేదన్నాడు డాక్టరు. హమ్మయ్య అనుకుని నేను బెంచీ మీద కూర్చున్నాను. అక్క మాత్రం నమ్మలేదు. మా దగ్గర దాచొద్దంటూ, తన ఫోన్లో దాచుకున్న నా స్టేటస్ ఫోటోను డాక్టరుకే చూపించింది. పాపం, ఆయన తెల్లమొహం వేశాడు. అదేమిటో నేనే విప్పి చెప్పాల్సి వచ్చింది.

“చచ్చిపోయే చుక్క బొమ్మ పెట్టడానికి నీకు ఇప్పుడే దొరికిందా?” అని బస్టాండు దాకా తిట్టింది. ఆ తిట్లు తింటుంటే ప్రాణం ఎంత హాయిగా ఉందో!

చుక్కను చూసి మొక్కిన మొక్కు చెల్లదులే, జడ ఉంచుకో అన్నాను.

“చుక్కతో నాకేం పని? నేను మొక్కింది అమ్మ కంటి కోసం,” అంది.

సూదులన్నీ అయ్యాక, అక్క గుండుతో మా ఇంటికి వచ్చింది. అమ్మ కుర్చీలోంచే ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

“జర ఇటు తిరుగు,” అంది. అక్క తిరిగింది. “చెవెనక నాలుగెంట్రుకలు ఇడిసిపెట్టిండు గదనే.”

నేను దగ్గరికి పోయి చూశాను. నిజంగానే ఉన్నాయి. నాకైతే అద్దాలు పెట్టుకుంటేగానీ కనిపించలేదు.