ఈల నిబంధన

ఆ రోజు కూడా పెద్దమ్మ ఎప్పటిలాగే గరిటెతో స్టీలు కంచం మీద గట్టిగా వాయించి పిల్లలందర్నీ నీళ్ళలోంచి బయటికి రప్పించింది. ఒక్కొక్కరి తల తడుతూ అందరూ వచ్చారో లేదో చూసుకుంది. చెవిలో నీళ్ళు పోయాయని గునుస్తున్న పిల్లని ఒంటికాలి మీద కుంటించింది. తువ్వాలు మర్చిపోయి వచ్చినవాడి మీదికి తనది విసిరి, "రేపు ఉతికి తేలేదో, నిన్నే ఉతికి ఆరేస్తాను" అంది. వాళ్ళంతా బట్టలు మార్చుకోడానికి పరిగెత్తాక, గోడవారనున్న బెంచీ మీద కూర్చుని, కంచం ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కునుకు తీస్తోందనుకున్నారంతా.

ఆ కంచమంటే ఆమె చెల్లెలి కూతురికి మొదటినుంచీ గిట్టేది కాదు. పిల్లలకి ఈత నేర్పడం మొదలెట్టిన నాటినుంచి పెద్దమ్మ మెడలో ఈల వేలాడుతూ ఉండేది. ఊళ్ళో ఆమెని ఈల పెద్దమ్మ అంటేనే గుర్తుపట్టేవాళ్ళు. అలాంటి మనిషి ఉన్నట్టుండి ఈల జేబులో పడేసి, వంటింట్లోంచి కంచమూ గరిటే పట్టుకెళ్ళడమేమిటి? అడిగితే, "విసుగొచ్చిందే" అని ఊరుకునేది. విసుగన్న మాట ఆ నోట అంతకుముందెన్నడూ వినలేదు.

చెల్లెలి కూతురిది మొబైల్ రిపేరు దుకాణం. తల్లి పోయాక పెద్దమ్మే పెంచింది కానీ, పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. స్క్రూడ్రైవర్ అనే పిలిచేది. వీధివాళ్ళకీ అదే అలవాటైంది.

అంతా ఊపిరి పందెంతో మొదలైంది. పిల్లలు రోజంతా చూసే ఒక పెద్ద యాప్‌లో ఆ పందెం వీడియోలు పుట్టగొడుగుల్లా మొలిచాయి. నీళ్ళలో మునిగి ఊపిరి బిగబట్టి, ఎవరెక్కువసేపు ఉంటే వాళ్ళు గొప్ప. ఓడినవాళ్ళు ఇంకో స్నేహితుడికి సవాలు విసరాలి. పెద్దమ్మ కొలనులో రెండు జడల పిల్ల ఒకతె ఆ సవాలు పుచ్చుకుని, అందరూ అవతలి వైపు చూస్తుండగా మునిగింది. తేలలేదు. పెద్దమ్మ కట్టుబట్టలతో దూకింది. పిల్లని బయటికి లాగి, దవడ ఎత్తి, నోట్లో నోరు పెట్టి ఊదింది. పిల్ల దగ్గి, కక్కి, కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "నేనే గెలిచానా?"

ఆ మాట విన్నాక పెద్దమ్మ ఇంటికి కూడా పోలేదు.

తడి బట్టలతోనే దుకాణానికి వచ్చింది. "ఆ వీడియో తీసెయ్యమని వాళ్ళకి చెప్పవే" అంది. స్క్రూడ్రైవర్ వీడియో వెతికి ఫిర్యాదు నొక్కింది. టీ తాగేలోపే జవాబు వచ్చింది: మీ ఫిర్యాదు పరిశీలించాం, ఇది మా నియమాలకు విరుద్ధంగా లేదు.

పెద్దమ్మ ఫోను లాక్కుంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది: "బాబూ, నీకు పిల్లలున్నారా? ఒకసారి నా దగ్గరికి రా. నీళ్ళు చూపిస్తాను, భోజనం కూడా పెడతాను."

మళ్ళీ అదే జవాబు, పొల్లు పోకుండా.

"ఇంత బండవాడేమిటే వీడు?"

"మనిషి కాదు పెద్దమ్మా. యంత్రం."

"ఊపిరి పీల్చనిదాన్ని పట్టుకొచ్చి ఊపిరి తగాదాకి కూర్చోబెట్టారా!"

అంతటితో పోయిందా అంటే, లేదు. వెతకడం కోసం ఒక్కసారి చూశారు కదా, ఇక స్క్రూడ్రైవర్ ఫోను తెరిస్తే చాలు, ఊపిరి పందేలే. పెద్దలవి, పిల్లలవి, తొట్టెలో మునిగేవి, బకెట్లో తల పెట్టేవి. "మనం వద్దన్నామా, రమ్మన్నామా?" అని తల పట్టుకుంది పెద్దమ్మ. "వద్దనడానికి చూసినా, ముచ్చటపడి చూసినా దానికి ఒకటే పెద్దమ్మా. చూశామా లేదా, అంతే" అంది స్క్రూడ్రైవర్.

సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్ద పెద్ద ఆన్‌లైన్ కంపెనీలకి ముకుతాడు వేసే చట్టం ఒకటి తయారవుతోందనీ, చట్టసభ కమిటీ ముందు ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చనీ వార్త వచ్చింది. పెద్దమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టేసింది. "ఎవరైనా అంటే నేనూ ఎవరినైనానే కదే!"

కొలను గట్టు మీద రిహార్సల్ మొదలైంది. పిల్లలు నీళ్ళలో కాళ్ళాడిస్తూ కమిటీ సభ్యులయ్యారు. కొలను శుభ్రం చేసే పెద్దాయన్ని పిల్లలు క్లోరిన్ మామ అంటారు, ఆయన కంపెనీ లాయరు. భుజాన తువ్వాలు కోటులా వేసుకుని, "అధ్యక్షా! మా కంపెనీకి ఏ పాపం తెలియదు!" అని గుండె మీద చెయ్యి వేసుకుంటే, కమిటీ మొత్తం ఆయన్ని నీళ్ళలోకి తోసేసింది.

"అక్కడ లాయర్ని తొయ్యకూడదర్రా" అంది పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "తొయ్యాలనిపించినా సరే."

అసలు రోజున ఇద్దరికీ కాలూ చెయ్యీ ఆడలేదు. ఎత్తైన పైకప్పు, వరసగా మైకులు, పైన జనం కూర్చునే గ్యాలరీ. స్క్రూడ్రైవర్ పెద్దమ్మ వెనక కుర్చీలో ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. కంపెనీ లాయరు మామలా లేదు. సన్నగా, మర్యాదగా, తేనెలా మాట్లాడే మనిషి. రోజుకి కోట్ల వీడియోలు వస్తాయనీ, ప్రతి ఫిర్యాదూ మనిషే చూసి తేల్చాలంటే సమయం పడుతుందనీ చెప్పింది. అంతే, సభ్యులు లేచారు. ఎంత సమయమని ఒకరు, మాట్లాడే స్వేచ్ఛ మాటేమిటని ఒకరు, ముందు నన్ను మాట్లాడనివ్వండని ఇంకొకరు. అధ్యక్షురాలు బల్ల చరుస్తోంది, వినేవాడు లేడు. చేపల బజారు నయం.

పెద్దమ్మ చెయ్యి తనంతట తానే మెడ దగ్గరికి పోయింది.

ఈల మోగింది!

పైకప్పు దాకా పోయి తిరిగొచ్చిందా శబ్దం. లేచినవాళ్ళు లేచినట్టే బిగుసుకుపోయారు. ఒక ముసలి సభ్యుడు నెమ్మదిగా రెండు చేతులూ పైకెత్తాడు. తలుపు దగ్గరి కాపలాదారు పరిగెత్తుకొచ్చి, ఊదింది ఒక పెద్దావిడని చూసి, ఏం చెయ్యాలో తోచక సెల్యూట్ కొట్టాడు.

స్క్రూడ్రైవర్‌కి భూమి చీలితే బాగుండనిపించింది.

"క్షమించాలి, అలవాటు" అంది పెద్దమ్మ. ఊదిన బుగ్గలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "కానీ చూశారా? అందరూ ఆగారు. మా దగ్గర పద్ధతి ఇదే. ఈల మోగితే ముందు ఆగాలి. ఎవరు తోశారు, ఎవరు పడ్డారు, తప్పెవరిది, అదంతా గట్టెక్కాక. మీరు మొదట తేల్చి, ఆ తర్వాత ఆపుతామంటున్నారు. నీళ్ళలో పిల్ల మీరు తేల్చేదాకా ఆగదు తల్లీ. నేను తీసెయ్యమనడం లేదు. ముందు ఆపండి. ఎవరి ఫోనులోకీ తోసుకుంటూ పోకుండా ఆపి, అప్పుడు మనిషిని కూర్చోబెట్టి తేల్చుకోండి."

హాలు సద్దుమణిగింది. కానీ లాయరు తడుముకోలేదు. "మంచి మాటే మేడమ్. మరి ఆ ఈల ఎవరి చేతికిద్దాం? అందరికీ ఇస్తే, నచ్చనివాళ్ళ నోరు నొక్కడానికి రోజూ ఊదుతారు. మీ కొలనులో ఈల ఎవరు పడితే వాళ్ళు ఊదవచ్చా?"

రిహార్సల్లో ఈ ప్రశ్న లేదు. పెద్దమ్మ లాయరు వైపు తేరిపార చూసింది. ఆ తర్వాత ఆమె మొహం విప్పారింది.

"నిజమే తల్లీ! నాకు తోచనే లేదు. ఊదనివ్వను. శిక్షణ తీసుకున్నవాళ్ళకే ఇస్తాను. ఊరికే ఊదితే లాక్కుంటాను కూడా."

"అదైతే ఆలోచించవచ్చు" అంది లాయరు. ఆ మాట ఆమెకి తెలియకుండానే జారినట్టుంది, పక్కనున్న కంపెనీవాళ్ళు ఆమె వైపు కొరకొరా చూశారు. అధ్యక్షురాలు మాత్రం అప్పటికే గబగబా రాసుకుంటోంది. డాక్టర్లు, బడిపంతుళ్ళు, ఈత నేర్పేవాళ్ళు, ఇలా శిక్షణ పొందినవాళ్ళు పిల్లలకి ప్రాణాపాయమని ఫిర్యాదు చేస్తే, వీడియో ముందు ఆగాలి, విచారణ తర్వాత జరగాలి. పత్రికలు దానికి ఈల నిబంధన అని పేరు పెట్టేశాయి.

బయటికి రాగానే పెద్దమ్మ మెట్ల మీదే స్క్రూడ్రైవర్‌ని వాటేసుకుని గిరగిరా తిప్పింది. "ఆ అమ్మాయి ఎంత తెలివైందే! మన పక్షాన ఉంటే ఎంత బావుండు!"

వాళ్ళు ఇల్లు చేరేలోపే గ్యాలరీలో ఎవరో తీసిన ముక్క అదే యాప్‌లోకి ఎక్కింది. ముసలాయన చేతులెత్తడం, కాపలాదారు సెల్యూట్, పెద్దమ్మ బూరె బుగ్గలు. ఒకడు దానికి డప్పు కలిపి పాట చేశాడు. ఈల మోగగానే బిగుసుకుపోవాలి, ఆనక భుజాలెగరేస్తూ గెంతాలి. ఎక్కడ చూసినా అదే. పెళ్ళాం మొగుడి ముందు గెంతింది, నర్సులు గెంతారు, బస్సు డ్రైవర్లు గెంతారు. కంపెనీ తనని కట్టెయ్యబోయే చట్టాన్ని తన భుజాల మీదే ఊరేగించింది. ఏ మంత్రి చెప్పినా విననివాళ్ళు కూడా ఈల నిబంధన ఏమిటని అడగసాగారు.

"నా బుగ్గలు అంత లావా?" అంది పెద్దమ్మ.

"ప్రపంచమంతా చూస్తోంది, ఇంకా అనుమానమా?" అంది స్క్రూడ్రైవర్. ఆ పాటనే తన ఫోను రింగ్‌టోన్‌గా పెట్టుకుంది. దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ ఊరికే పెట్టి ఇచ్చింది. పెద్దమ్మ నవ్వింది. "కొలను దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం దాని నోరు ముయ్యవే" అనేది. స్క్రూడ్రైవర్‌ అలాగేలే అనేసి, తీరా సమయానికి మర్చిపోయేది. మోగినప్పుడల్లా పెద్దమ్మ ఆమెని చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించేది.

కంచం వచ్చింది ఆ రోజుల్లోనే. ఊపిరి చాలక ఈల మానేసిందని స్క్రూడ్రైవర్‌కి భయం పట్టుకుంది. బలవంతాన డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. గొట్టంలోకి ఊదమంటే పెద్దమ్మ ఊదిన ఊదుడికి లోపలి బంతి పైకెగిరి అక్కడే అతుక్కుంది. డాక్టరు గొట్టాన్ని తట్టి చూసి, "దీనికి పెట్టాలి మందు, మీకు కాదు" అన్నాడు.

"మరి ఎందుకు మానేశావ్?"

"విసుగొచ్చిందన్నాను కదే, స్క్రూడ్రైవరూ."

ఓటింగ్ రోజున దుకాణంలో కాలు పెట్టే చోటు లేదు. స్క్రూడ్రైవర్ ఫోనుకేమో ఆగకుండా కాల్స్, అందుకని బాగుచెయ్యడానికొచ్చిన ఒక పగిలిన ఫోనులో చూశారు. అధ్యక్షురాలి మొహం నాలుగు చెక్కలై కనిపిస్తోంది. నిబంధన తీసెయ్యాలని కొందరు సవరణ పెట్టారు. ఒక్కో పేరూ పిలుస్తుంటే పెద్దమ్మ గోళ్ళు స్క్రూడ్రైవర్ మోచేతిలో దిగాయి. అటొకటి, ఇటొకటి. చివరికి ఆ ముసలి సభ్యుడి వంతొచ్చింది. ఆయన లేచి, ఏమీ మాట్లాడకుండా, రెండు చేతులూ పైకెత్తాడు. సభంతా నవ్వులు. తర్వాత సవరణకి వద్దని ఓటేశాడు. నిబంధన నిలిచింది!

పెద్దమ్మ ఎగిరిన ఎగురుకి బల్ల మీది పళ్ళెం బోర్లా పడి, మరలన్నీ దుకాణమంతా చెల్లాచెదురయ్యాయి. చీమ తలంత మరలు. వచ్చినవాళ్ళంతా నేల మీద పాకుతూ, నవ్వుతూ ఏరారు. క్లోరిన్ మామకి గెడ్డంలో ఒకటి దొరికింది.

చట్టం అమల్లోకి వచ్చాక, దాని కింద శిక్షణ తీసుకున్న మొదటివాళ్ళలో పెద్దమ్మ ఒకతె. ఊపిరి పందెం మళ్ళీ కొత్త పేరుతో తల ఎత్తినప్పుడు ఆమే ఫిర్యాదు చేసింది. ఈసారి ఆ పూటే మనిషి ఫోను చేసి మాట్లాడాడు. అప్పటికే వీడియో ఆగింది. పెద్దమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, మాటలు వదిలేసి, కాసేపు వింటూ ఉండిపోయింది. "ఒసేయ్, ఊపిరి పీలుస్తున్నాడే!" అని గుసగుసగా అంది.

బెంచీ మీద ఆ కునుకులోనే పెద్దమ్మ పోయిన తర్వాత, ఆమె సంచీ తెచ్చుకుందామని స్క్రూడ్రైవర్ కొలనుకి వెళ్ళింది. లోతు తక్కువ వైపు పిల్లలు ఈదుతున్నారు. కొత్త టీచరు ఇంకా కుదరలేదు, క్లోరిన్ మామే చూసుకుంటున్నాడు. సంచీలో తువ్వాలు, దువ్వెన, ఈల. ఈలని గుప్పిట్లోకి తీసుకుందో లేదో, జేబులో ఫోను మోగింది.

ఈల. దాని వెంట డప్పు.

నీళ్ళలో పిల్లలంతా ఒక్కసారిగా బిగుసుకుపోయి, మరుక్షణం కేరింతలు కొడుతూ గెంతడం మొదలెట్టారు. నీళ్ళు ఎగిసిపడ్డాయి. ఆ గెంతులో బుల్లిపిల్ల ఒకతె జారి మునిగింది, ఎవరూ చూడలేదు. మామ చూశాడు. కంచం మీద గరిటె ఝణఝణ వాయించాడు. గెంతులు ఠక్కున ఆగాయి. పక్కపిల్ల చెయ్యందించి ఆమెని పైకి లాగింది. అందరూ గట్టెక్కారు.

"ఆ పాట వచ్చిన మర్నాటినుంచీ ఇంతేనమ్మాయ్" అన్నాడు మామ, కంచం తుడుస్తూ. "ఆగమని ఊదితే గెంతేవాళ్ళు. ఫిర్యాదు చేసి పాట ఆపించరాదా, ఈల మీ చేతిలోనే ఉందిగా అని మీ పెద్దమ్మతో అన్నాను. ఆటపాటల మీద ఊదేది కాదు మామా, అంది. నువ్వు ముచ్చటపడి పెట్టుకున్నావని, నీకు మాత్రం చెప్పొద్దంది."