కుంకుమ కింద సింహాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దసరా వచ్చిందంటే నాగలికి, కొడవలికి, గొడ్డలికి, వాటితో పాటు ఒక కాగితానికి కూడా పూజ జరిగేది. అది మా నాయనకు సర్కారు ఇచ్చిన నాలుగెకరాల మెట్ట భూమి పట్టా. పైన అచ్చులో మూడు సింహాలు, కింద సంతకం పక్కన గుండ్రటి ముద్రలో మళ్లీ అవే సింహాలు. మా నాయన రెండు చోట్లా పసుపు రాసి, తడి కుంకుమతో బొట్టు పెట్టి, కర్పూరం చూపించి, మళ్లీ గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచేవాడు.

మాది హిందూపురానికీ లేపాక్షికీ మధ్య చిన్న ఊరు. ఆ సింహాల గురించి మా ఊళ్లో కథలకు కొదవ లేదు. సింహాల కాళ్ల కింద, చక్రం పక్కన ఉండే ఎద్దు మా లేపాక్షి బసవన్నేనని, ముద్ర చెక్కేవాళ్లు ఢిల్లీ నుంచి వచ్చి కొలతలు తీసుకుని పోయారని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. మన బసవన్న కూర్చుని కదా ఉంటాడు, ఇది నిలబడి ఉందే అని నేను ఒకసారి మా అవ్వను అడిగాను. సర్కారు పని కాబట్టి లేచి నిలబడినాడు అంది. మా అవ్వ పుట్టిల్లు మైసూరు రాజ్యంలో. అక్కడి కాగితాల మీద రెండు తలల పక్షి ఉండేదట. ఒక తల ఇచ్చేవాణ్ణి, ఇంకో తల పుచ్చుకునేవాణ్ణి చూస్తుందని ఆమె నమ్మకం. సింహాల కాగితాన్ని నేల మీద పెట్టకూడదు, సింహాల ముఖాల మీద మడత పడకూడదు, దాన్ని పట్టుకుని అన్యాయం చేసినవాడి కళ్లు పోతాయి. ఇవన్నీ మా ఇంటి నియమాలు. ఆ కాగితంలో ఏమి రాసి ఉందో మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను బడికి పోయి చదువు నేర్చుకున్నాక కూడా దాన్ని ఎవరూ నా చేతికి ఇవ్వలేదు.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు, పక్క చేని ఆసామి మా గట్టు లోపలికి దున్నడం మొదలుపెట్టాడు. మొదట రెండు సాళ్లు, తర్వాత పది, చివరికి గట్టే లేకుండా చేసి కానుగ చెట్టు దాకా తనదే అన్నాడు. అడిగితే, నీ పట్టా ఏదో పోయి తాలూకాఫీసులో చూపించుకో అన్నాడు. వానలు దగ్గర పడుతున్నాయి. ఆ లోపల తేలకపోతే మాకు వేరుశనగ వేసుకోవడానికి సగం చేను కూడా మిగలదు. మా నాయన పట్టాను గుడ్డతో సహా చంకలో పెట్టుకుని, చదివి చెప్పడానికని నన్ను వెంట తీసుకుని బయలుదేరాడు. ఆ తాలూకాఫీసు ఏ ఊళ్లోదో రాయను. నేను చెప్పబోయే గుమాస్తా పిల్లలు, మనవళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు నాకేమీ చేయలేదు.

గుమాస్తా గుడ్డ విప్పి చూశాడు. తొమ్మిది దసరాల కుంకుమ కాగితం మీద పొరలు పొరలుగా ఎండి ఉంది. సింహాలు లేవు, కింది ముద్ర లేదు, సంతకం సగం లేదు.

"ఇది పట్టానా, పూజ పటమా? ముద్ర యాడుండాదయ్యా? టెంకాయ గూడా తెచ్చింటే ఈడనే హారతి పడతాంటిమి కదా" అన్నాడు.

పక్క బల్లల వాళ్లు నవ్వారు. దొంగ కాగితమో ఏమో ఎవరికి తెలుసని, పట్టాను బల్ల మీదినుంచి ఇవతలికి తోశాడు. అది జారి నేల మీద పడింది. మా నాయన వంగి తీసి, కళ్లకు అద్దుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడడం నేను చూశాను. గుమాస్తా చేతిలో ఆకుపచ్చ కలం, ముక్కు కింద నస్యం మరక, నవ్వినవాళ్లు ముగ్గురు. ఇన్నేళ్లయినా ఇందులో ఒక్కటీ మరచిపోలేదు, మరచిపోవాలని అనుకోలేదు. కళ్లు పోతాయని అవ్వ చెప్పింది కదా అని వారం రోజులు ఎదురుచూశాను. మళ్లీ ఆ ఆఫీసుకు పోయినప్పుడు చూస్తే గుమాస్తా కళ్లకు ఏమీ కాలేదు.

మేము వసారాలోకి వచ్చి కూర్చున్నాం. అక్కడ తలుపు దగ్గర స్టూలు మీద బిళ్ల బంట్రోతు ఉన్నాడు. ఛాతీకి అడ్డంగా ఎర్ర పట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ల. పెద్ద వయసు మనిషి. మా నాయన చేతిలోంచి పట్టా తీసుకుని, ముందు వైపు చూడకుండా వెనక్కి తిప్పి బొటనవేలితో తడిమాడు. తర్వాత నన్ను పెన్సిల్ ఉందా అని అడిగాడు. ఉందన్నాను. నా బడి సంచిలోని నోటుబుక్కులోంచి ఒక ఆకు చింపి పట్టా వెనక వైపు పరచమని, పెన్సిల్‌ను పడుకోబెట్టి మెల్లగా రుద్దమని చెప్పాడు. రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి మేము బళ్లో రుద్దేవాళ్లం, అదే పని. రుద్దుతూ ఉంటే నల్లటి మసిలోంచి తెల్లగా గుండ్రటి గీత తేలింది. గీత లోపల సింహాలు తేలాయి. చుట్టూ అక్షరాలు వచ్చాయి గానీ తిరగబడి ఉన్నాయి. ఆకును ఎండకు పట్టి వెనకనుంచి చూడమన్నాడు. చూశాను. అది ఆ ఆఫీసు పేరే. కూడబలుక్కుని పైకి చదివాను. మా నాయన నోరు తెరిచి నా ముఖం చూస్తూ ఉండిపోయాడు, ఆకు వైపు చూడలేదు.

"సిరా ముద్రయితే పొయ్యుండు. ఇది మిషన్‌తో ఒత్తిన ముద్ర. ఒత్తింది ఈ చెయ్యే" అని ఆయన తన అరచెయ్యి చూపించాడు. "ఇన్నేండ్లు నువ్వు మొక్కింది దీనికప్పా."

తర్వాత తన బిళ్లను మా వైపు తిప్పాడు. రోజూ చింతపండుతో తోమి తోమి దాని మీది సింహాలు అరిగిపోయాయి. కళ్లు లేవు, నోళ్లు లేవు, మూడు బొడిపెలు మిగిలాయి. ఆయనది పెనుకొండ. వాళ్ల ఊళ్లో రాజుల కాలంలో వరాహం ముద్ర ఉండేదని చెప్పాడు. వరాహం పోయింది, రాజులూ పోయారు, ఆ రోజు ఏమిచ్చారో రాయించి పెట్టుకున్నవాళ్లు మాత్రం ఇంకా దున్నుకుంటున్నారని అన్నాడు. నేను నా భయం బయట పెట్టాను. నేల మీద పడింది కదా, సింహాలకు కోపం రాదా అని. ఆయన నవ్వలేదు. ఆ ఆఫీసులో ఆ రోజు నన్ను చూసి నవ్వని మనిషి ఆయన ఒక్కడే.

"సింహం మనల్ని కాపాడేది గాదు పాపా. ఈ మాట మేమే చెప్పినామని సర్కారు ఒప్పుకునే గుర్తు అది. ఒప్పుకున్నోళ్లను పోయి అడగాల. మొక్కతా కూచుంటే ఎట్ల?"

ఏమి అడగాలో కూడా ఆయనే చెప్పాడు. ముద్ర ఉందంటే లోపల ఆఫీసు పుస్తకంలో కూడా ఇదే మాట రాసి ఉంటుందని, నకలు కావాలని అర్జీ ఇవ్వమని, అర్జీకి నంబరు వేయించుకోకుండా గడప దాటవద్దని. అర్జీ నా చేతనే రాయించాడు. నా జీవితంలో నేను రాసిన మొదటి అర్జీ అది.

మళ్లీ లోపలికి పోయి అర్జీనీ నా పెన్సిల్ సింహాలనూ గుమాస్తా ముందు పెట్టాను. ఆయన పట్టా వెనక తానూ తడిమి చూసుకున్నాడు. అర్జీకి నంబరు వేశాడు. నకలు వచ్చింది, సర్వేయరు వచ్చి కొలత గొలుసు లాగాడు, కానుగ చెట్టు అవతల మళ్లీ గట్టు లేచింది. వానకు ముందే మా నాయన నాలుగెకరాలూ దున్నాడు. కానీ కాగితాన్ని నేల మీదికి తోసినందుకు ఎవరూ ఏమీ అనలేదు. చాలా ఏళ్లకు ధర్మవరంలో ఒక పెళ్లిలో ఆ గుమాస్తా కనిపిస్తే ఎదురుగా పోయి అడిగాను. ఆయనకు గుర్తు లేదు. నాకు గుర్తుంది అని చెప్పి వచ్చేశాను.

నా అర్జీలంటే ఇప్పటికీ ఆఫీసుల్లో విసుగని నాకు తెలుసు. విసుక్కోనీ. నంబరు వేసేదాకా నేను కదలను. ఏ కాగితం చేతికి వచ్చినా కళ్ల కంటే ముందు నా బొటనవేలు దాని వెనక్కి పోతుంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక మా నాయన పట్టాను నా చేతికిచ్చి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివించుకున్నాడు. ఆ ఏడు దసరాకు నాగలి పక్కన పట్టా పెట్టలేదు, నా నోటుబుక్కు ఆకు పెట్టాడు. ఇప్పుడు ఆ పూజ నేను చేస్తున్నాను. ఆ ఆకు మీది సింహాలు కుంకుమ కింద పూర్తిగా మునిగిపోయాయి. పట్టా మాత్రం పెట్టెలో ఉంది. ఏడాదికొకసారి తీసి మనవరాలి చేత చదివిస్తాను. దాని మీద ఒక్క చుక్క పడనివ్వను.