అక్క చేతుల్లో ఏ లోపమూ లేదు

ఆ రోజు మా అక్క ఆటలో ఓడిపోవడానికి కారణం ఆమె చేతులు కాదు, మా ఇంటి టీవీ. ఆ సంగతి ఆట మొదలవక ముందే నాకు తెలుసు. చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, ఆ తరవాత ఏడు నెలల పాటూ చెప్పలేదు.

ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మా చుట్టాల్లో ఎవరింట్లో పెళ్ళి జరిగినా ఈ కథ వస్తుంది. "ఆ టీవీ ఆటలోనే కదా ఆమెకి జబ్బు మొదట బయటపడింది" అని జాలిగా చెప్పుకుంటారు. మా అక్కకి ఏ జబ్బూ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ కథని మొదట నవ్వుతూ నలుగురికీ చెప్పి తిరిగినవాణ్ణి నేను. దాన్ని సరిచేయవలసింది కూడా నేనే.

అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. మేం పెరిగింది బంటింగ్ దగ్గర ఒక రబ్బరు తోటలో, తాతల కాలంలో సముద్రం దాటి వచ్చిన తెలుగు కూలీలకిచ్చిన వరస ఇళ్ళలో. నాకు పదకొండేళ్ళప్పుడు నాన్న ఎవరి దగ్గరో పాత ఆటల పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. ఒకే క్యాసెట్టులో బోలెడు ఆటలు. వాటిలో ఒకదాన్ని మేం ఎప్పుడూ వదల్లేదు. కోటలో ఒక చిన్న మనిషి పరిగెడుతూ ఉంటాడు, గోతులు దాటాలి, కదిలే పలకల మీదికి ఎగరాలి. ఒక్క క్షణం తేడా వచ్చినా పడిపోతాడు. నేను మూడో అంతస్తు దాటలేకపోయేవాణ్ణి. అక్క చివరిదాకా పోయేది. ఆమె ఆడుతుంటే పక్క ఇళ్ళ పిల్లలు కిటికీ పట్టుకుని వేలాడేవాళ్ళు. ఆట ముగించి కంట్రోలర్ నా చేతిలో పెడుతూ, "ఇదిగో తమ్ముడా, ఇంక నువ్వు సావు" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ముప్పై ఏళ్ళకు పైగా ఆ నవ్వు నాలో ఒక మూల గుచ్చుతూనే ఉందని ఒప్పుకోవడం ఇదే మొదటిసారి.

నాన్నది చెట్టు బెరడు గీసి పాలు తీసే పని. ఆయనకి వణుకు జబ్బు వచ్చింది. అది మొదట బయటపడింది ఇంట్లో కాదు, చెట్ల దగ్గర. కత్తి బెరడు దాటి లోపలి చెక్కలోకి దిగుతోందని, చెట్లు పాడవుతున్నాయని, తోట మేస్త్రీ ఒక్కో చెట్టూ చూపించి తిట్టాడు. పాల బకెట్లు మోయడానికి ఆ రోజు నాన్నతో వెళ్ళింది అక్క. ఇంటికొచ్చి అమ్మతో ఏమీ చెప్పలేదు. నాన్న చేతులు మాత్రం చూస్తూ కూర్చుంది. కొన్నేళ్ళకు ఆయన గ్లాసు కూడా పట్టుకోలేకపోయాడు. అలాగే పోయాడు.

పెద్దయ్యాక అక్కకి దొరికిన పని కూడా చేతుల పనే. చిన్న చిన్న ఎలక్ట్రానిక్ ముక్కలు తయారుచేసే ఫ్యాక్టరీ. మైక్రోస్కోపు కింద చూస్తూ, వెంట్రుకంత సన్నని తీగల్ని పట్టకారుతో సరిచేయాలి. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే సీటు. కొత్తగా వచ్చినవాళ్ళని ఆమె పక్కనే కూర్చోబెట్టి పని నేర్పించేవారు. నాన్న పోయాక ఆమె పైకి ఎప్పుడూ అనలేదు గానీ, పొద్దున టీ కప్పు ఎత్తినప్పుడల్లా ఒకసారి చెయ్యి చూసుకునేది. మేమందరం చూసేవాళ్ళం, చూడనట్టు ఉండేవాళ్ళం.

ఇక టీవీ సంగతి. నాది ఎయిర్‌కాన్లు, అంటే ఏసీలు, బిగించే పని. వైర్లూ, సెట్టింగులూ అంటే పిచ్చి. నలభై ఎనిమిదో ఏట, పాత ఆటలన్నీ ఆడించే చిన్న పెట్టె ఒకటి కొని, హాల్లో ఉన్న పెద్ద టీవీకి తగిలించాను. బొమ్మ చూసి మనసు విరిగిపోయింది. ఇంత పెద్ద తెర మీద ఆ చిన్న మనిషి గరుకైన చదరపు పలకల కుప్పలా ఉన్నాడు. పాత గాజు టీవీలో బొమ్మ అడ్డగీతలుగా పడేది, గీతకీ గీతకీ మధ్య సన్నని చీకటి ఉండేది, ఆ చీకటి వల్లే అంచులు మెత్తగా కనిపించేవి. కొత్త పెట్టెలో దాన్ని నకలు చేసే ఏర్పాటు ఉంది, స్కాన్‌లైన్లు అంటారు. అవి వేశాను. బొమ్మ మా పాత ఇంటి బొమ్మ అయింది. కాకపోతే చీకటి గీతల వల్ల తెర మసకబారింది. దాన్ని సరిచేయడానికి టీవీలో వెలుగూ రంగూ బాగా పెంచే పద్ధతి పెట్టాను. అప్పుడు మెరిసిపోయింది.

కానీ నేను పడిపోవడం మొదలుపెట్టాను. మొదటి గోతిలోనే. రెండు వారాలు నా వయసుని తిట్టుకున్నాను. తరవాత అనుమానం వచ్చి, నా బొటనవేలూ తెరా రెండూ కనిపించేలా ఫోన్లో స్లో మోషన్ వీడియో తీశాను. వేలు బటన్ నొక్కింది. మనిషి ఎగరలేదు. ఇంకా ఎగరలేదు. అప్పుడు ఎగిరాడు. బొమ్మని అందంగా చేయడానికి టీవీ లోపల ఏవో లెక్కలు వేసుకుంటుంది, అందుకు సమయం తీసుకుంటుంది. అదీ ఆలస్యం. రిమోట్‌లో గేమ్ మోడ్ పెడితే ఆలస్యం పోతుంది, కానీ బొమ్మ మళ్ళీ వెలిసిపోతుంది. నేను అందాన్నే ఎంచుకున్నాను. ఒక రవ్వ ముందుగా నొక్కడం అలవాటు చేసుకున్నాను. రెండు నెలల్లో అది నా వేళ్ళకి పట్టేసింది.

చైనీయుల కొత్త సంవత్సరానికి ఫ్యాక్టరీలు మూసేస్తారు. ఆ సెలవుల్లో ఒక మధ్యాహ్నం అక్కా బావా మా ఇంటికి భోజనానికి వచ్చారు. తిన్నాక నేను ఆట పెట్టాను. తెర చూసి అక్క ముఖం విప్పారింది, ఆశ్చర్యపోతే ఇక్కడివాళ్ళు అనే మాట నోట వచ్చింది.

"అలామక్! మన టీవీలా ఉన్నాది గదరా. గీతలు కూడా ఏసినావా?"

"నీకోసమే ఏసినాను. రా, సూద్దాం."

"ఒద్దులే, నువ్వు ఏడుస్తావు. నీ పెళ్ళాం ముందు పరువు పోద్ది."

బావ పకపకా నవ్వాడు. ఆమె కంట్రోలర్ తీసుకుంది. మొదటి గోతిలో పడింది. మళ్ళీ మొదలుపెట్టింది, అదే గోతిలో పడింది. మూడోసారి పెదవి కొరుక్కుంటూ ముందుకి వంగింది. పడింది.

"ఏట్రా ఇది? నేను నొక్కినాను. ఆడు ఎగరడం లేదు."

రిమోట్ నా తొడ పక్కన ఉంది. రెండు నొక్కులు చాలు. పైన నేను 'చెప్పలేదు' అని రాశాను. అది నాకు నేను ఇచ్చుకున్న మర్యాద. నిజానికి నేను నోరు తెరిచి అబద్ధం చెప్పాను.

"టీవీ బాగానే ఉన్నాది అక్కా. నీకే వయసొచ్చేసినాదిలే."

నా వంతు వచ్చింది. నాలుగు అంతస్తులు ఎక్కాను. కంట్రోలర్ ఆమెకిస్తూ, "ఇదిగో అక్కా, ఇంక నువ్వు సావు" అన్నాను. బావ చప్పట్లు కొట్టాడు. అక్క నవ్వలేదు. కుడిచేతి వేళ్ళు చాపి, ముడిచి, మళ్ళీ చాపి చూసుకుంటోంది. అది చూశాక కూడా నేను రిమోట్ ముట్టుకోలేదు. ఇంకో ఐదు నిమిషాలు గెలిచినవాడిగా ఉండాలనిపించింది.

తరవాతి వారం ఒక పెళ్ళిలో ఈ గెలుపు కథ చెప్పాను. అక్క పడిపోయిన తీరుని చేతులతో నటించి చూపించాను. బాగా నవ్వారు.

నెల తిరక్కుండా బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, మీ అక్క మోటరు బండి తోలడం మానేసినాది. తాళం నా సేతిలో ఎట్టేసినాది. బ్రేకు మీద సెయ్యి లేటుగా పడతందంట."

"పడినాదా ఏటి?"

"లేదు. పడతానేమోనని బయ్యం. ఆ రోజు మీ ఇంట్లో ఆడినాది గదా, అప్పుటి నుంచే. మీ నాన్నకొచ్చినదే వచ్చినాదని సెప్తన్నాది."

అప్పుడు చెబితే సరిపోయేది. నవ్వులాటలో తేలిపోయేది. కానీ పెళ్ళిలో నవ్వినవాళ్ళ ముఖాలు గుర్తొచ్చాయి. దానికంటే సిగ్గుమాలిన ఆలోచన కూడా ఒకటి వచ్చింది. నిజంగానే జబ్బేమో, ముందే చూపించుకుంటే మంచిదే కదా అని. ఆ ఆలోచన వెనక నేను నెలల తరబడి దాక్కున్నాను. "డాక్టరుకి సూపిద్దాం బావా" అన్నాను.

క్లాంగ్‌లో పెద్దాసుపత్రికి వాళ్ళిద్దరినీ నేనే కారులో తీసుకెళ్ళాను. దారంతా అక్క ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఒక చేత్తో రెండోదాన్ని పట్టుకుని కూర్చుంది. డాక్టరు తమిళావిడ. బొటనవేలికి చూపుడువేలు తగిలించమంది, నడవమంది, కాగితం మీద గీత గీయమంది. అక్క అన్నీ చేసింది. ఎందుకు అనుమానం వచ్చిందని ఆవిడ అడిగితే అక్క తమిళంలో వివరంగా చెప్పింది. చిన్నప్పటి నుంచీ ఆడిన ఆట అనీ, వేలు నొక్కిందని అనిపిస్తుంది గానీ నిజానికి ఆలస్యంగా నొక్కుతోందనీ, తమ్ముడు అదే టీవీలో బాగానే ఆడాడనీ.

డాక్టరు రాసుకుంటోంది. ఆవిడ తలెత్తి నన్ను అడిగింది, మీరు కూడా చూశారా అని.

"చూశాను" అన్నాను.

అంతే అన్నాను. ఆవిడ ఇంకో వాక్యం రాసింది. ఇప్పటికి ఏమీ కనిపించడం లేదు, కానీ నాన్నగారికి ఉందంటున్నారు కాబట్టి ఆరు నెలలకి మళ్ళీ రండి అంది. బావ ఊపిరి పీల్చుకున్నాడు. అక్కకి మాత్రం 'మళ్ళీ రండి' ఒక్కటే వినబడింది. కారెక్కుతూ, "మొదల్లో కనపడదంట బావా" అంది ఆయనతో. నావైపు తిరిగి, "నువ్వు రాబట్టి బాగైనాదిరా, లేకపోతే డాక్టరమ్మ నా మాట నమ్మేది కాదు" అంది.

తరవాత నెలల్లో ఆమె ఒక్కొక్కటే వదిలేసింది. సూదిలో దారం ఎక్కించడం మానేసింది. ముగ్గు వేయడం మానేసింది. ఆమె చేతులు వణికాయని ఎవరూ చూడలేదు. వణకడానికి ఆమె వాటికి అవకాశమే ఇవ్వలేదు. ఒక బుధవారం బావ చెప్పాడు: మైక్రోస్కోపు పని తనవల్ల కాదని ఆమే సూపర్‌వైజర్‌కి చెప్పిందట. పెట్టెలు కట్టే విభాగానికి మార్పించుకుంటోంది. సోమవారం సంతకం.

ఆదివారం పొద్దున అక్కకి ఫోన్ చేసి ఇంటికి రమ్మన్నాను. బావతో వచ్చింది. టీవీ వెలిగి ఉండటం చూసి గుమ్మంలోనే ఆగింది.

"ఆ దరిద్రం నాకొద్దురా. ఆపేయ్."

"ఒక్కసారి అక్కా. ఒక్కసారే."

వచ్చి కూర్చుంది. ఆడింది. మొదటి గోతిలో పడింది. నేను రిమోట్ తీసి గేమ్ మోడ్ పెట్టాను. తెర వెలవెలబోయింది. "ఇప్పుడాడు" అన్నాను.

మనిషి గోతి దాటాడు. రెండో గోతీ దాటాడు. కదిలే పలక మీదికి ఎగిరి, అక్కడి నుంచి ఇంకోదాని మీదికి ఎగిరాడు. బావ సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. అక్క ఆట మధ్యలో ఆపేసింది.

"మళ్ళీ ముందులా మార్చు."

మార్చాను. పడింది. "ఇప్పుడు దీనికి మార్చు." దాటింది. అలా ఎన్నిసార్లు మార్పించిందో లెక్కలేదు. ఫ్యాక్టరీలో ముక్కని తిప్పి తిప్పి చూసేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, బహుశా అలాగే ఉంటుంది. చివరికి కంట్రోలర్ బల్ల మీద పెట్టింది.

"నీకెప్పుడు తెలిసినాది?"

"ఆ రోజే."

"ఆటకి ముందా, ఎనకా?"

"ముందే."

నేను మాట్లాడటం మొదలుపెట్టాను. ఈ కొత్త టీవీలన్నీ ఇంతేననీ, గీతలు వేస్తే మసకగా ఉంటుందనీ, అందుకే వెలుగు పెంచాననీ. ఆమె చెయ్యెత్తి ఆపింది. ఆ చెయ్యి కొంచెం కూడా వణకలేదు.

"టీవీ గురించి ఎవులడిగినారు? డాక్టరమ్మ నిన్ను అడిగినాది. నా పక్కనే కూసున్నావు. సూసినానన్నావు."

"అక్కా, రేపు సంతకం..."

"శుక్రవారమే ఎట్టేసినాను. నా సీట్లో ఏరే గుంటని కూసోబెట్టేసినారు. నేనే నేర్పినాను దానికి, రెండు రోజులు."

బావ నా ముఖం చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. నేను సోఫాలోంచి దిగి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఏం చెప్పాలో ముందు రాత్రంతా అనుకున్నవి ఒక్కటీ పనికిరాలేదు. చెప్పింది ఇది, చెప్పినట్టే రాస్తున్నాను:

"నీ సెయ్యి బాగున్నాదని నాకు తెలుసక్కా. ఒక్కపాలి నిన్ను గెలవాలని దాసినాను. నువ్వడిగితే అబద్దమాడినాను. పెళ్లిలో నిన్ను నవ్వులపాలు సేసినాను. డాక్టరమ్మ ముందర నోరు మూసుకున్నాను. నువ్వు బయ్యపడతన్నావని తెలిసీ ఏడు నెలలు ఊరుకున్నాను. టీవీ కాదు, నేనే సేసినాను. రేపు నీతో ఫ్యాక్టరీకొచ్చి సెప్తాను, ఆస్పత్రికొచ్చి సెప్తాను, నవ్వినోల్లందరికీ సెప్తాను. నీ సీటు మళ్ళీ ఇస్తారో ఇవ్వరో నాకు తెల్దు. నన్ను మన్నించక్కా."