వెర్నా కొన్న తుపాకీ

అమెరికాలోని వయోమింగ్ గాలి సంగతి వెర్నా టోలెఫ్‌సన్‌కు ఒకరు చెప్పక్కర్లేదు. పెళ్లయి ఆ గొర్రెల మందల మధ్యకు వచ్చిన రోజే అది ఆమె టోపీని ఎత్తుకుపోయింది. అరవై దాటినా ఆమె నవ్వు తగ్గలేదు, పంతమూ తగ్గలేదు. తగ్గిందల్లా కుడి భుజంలో సత్తువే. మామగారి కాలంనాటి తుపాకీ పేల్చినప్పుడల్లా ఆ భుజం రెండు రోజులు సలిపేది.

ఆ వసంతంలో ఈనిన గొర్రెల చుట్టూ కొయోటీ నక్కలు తచ్చాడసాగాయి. రెండు పిల్లల్ని ఎత్తుకుపోయాయి కూడా. ఇక కొత్త తుపాకీ కొనక తప్పలేదు.

ఊళ్లో డ్వైట్ తుపాకుల దుకాణంలో మొగుడూ పెళ్లాలకు మాట కుదరలేదు. ఆమె మొగుడు ఆర్విల్ టూ ఫార్టీ త్రీ అనే పెద్ద తుపాకీ పట్టుకుని వదల్లేదు.

"బరువైన తూటా. మన గాలికి అంత తేలిగ్గా లొంగదు. ఇదే తీసుకోవే."

"పేలిస్తే అది తన్నే తన్ను నువ్వు భరిస్తావా?" వెర్నా సన్న తూటాల టూ ట్వంటీ త్రీని భుజానికి ఆనించుకుంది. "దీంతో పొద్దస్తమానం బొరియలు తవ్వే నేల ఉడుతల్ని కొట్టినా నొప్పి పుట్టదు."

"ఉడుతలకైతే సరే. నక్క దగ్గరికొచ్చి నీకు దండం పెడుతుందా?"

డ్వైట్ పకపకా నవ్వాడు. "మీ మధ్య దూరితే దెబ్బ నాకే తగిలేట్టుంది. వెనక మైదానం ఉందిగా, రెండూ పేల్చి చూసుకో అక్కా."

మైదానంలో గురికి పెట్టిన డబ్బాల్లో దగ్గరిదాన్ని చిన్న తుపాకీ ఇట్టే ఎగరగొట్టింది. ఆర్విల్ గడ్డం గోక్కున్నాడు. దూరపు డబ్బాకు గురిపెట్టేసరికి గాలి అడ్డంగా కొట్టింది. తూటా పక్కన దుమ్ము లేపింది. మళ్లీ పేల్చింది, మళ్లీ దుమ్మే. వెర్నా పళ్లు బిగబట్టి పెద్దది అందుకుంది. ఈసారి డబ్బా గిరగిరా తిరిగి పడింది. భుజాన్ని ఓ తోపు తోసిందే గానీ, పాతదానిలా తన్నలేదు.

"ఏమంటావ్ మరి?" అన్నాడు ఆర్విల్, మీసాల్లో నవ్వుకుంటూ.

"ఇదే కొంటున్నా. నువ్వు చెప్పావని కాదు, గాలి చెప్పిందని!"

వారం తిరక్కుండానే, తెల్లారుతుండగా, మంద వైపు దిగుతున్న నక్కను వెర్నా వాగు అవతల గట్టు మీదే పడగొట్టింది. ఆర్విల్ కంచె దగ్గర నిలబడి కేకలు పెట్టాడు, ఆమెను ఎత్తి తిప్పబోతే ఇద్దరూ గడ్డిలో పడ్డారు. పడి, కడుపుబ్బ నవ్వుకున్నారు.

ఆదివారం చర్చి విందులో వెర్నా ఆ కథ చెప్పిన ప్రతిసారీ దూరం పెరుగుతూ పోయింది.

"చాల్లేవే," అన్నాడు ఆర్విల్, "ఇంకోసారి చెప్తే ఆ నక్క పక్క రాష్ట్రం మోంటానాలో చచ్చినట్టవుతుంది."

వెర్నా అతని నోట్లో యాపిల్‌తో చేసిన తీపి రొట్టె ముక్క కుక్కి, మళ్లీ మొదటి నుంచి అందుకుంది.