అసిటోను వాసన

ల్యాబులో అందరూ ఆయన్ని చీకటి బాబాయి అంటారు. నీటిమొక్కల ఆకుల్లో పత్రహరితం ఎంతుందో కొలవాలంటే, ముందు ఆకుల్ని అసిటోనులో మెత్తగా నూరి, ఆ పచ్చరంగును బయటికి లాగాలి. అదే ఆయన పని. వెలుతురు తగిలితే రంగు పాడైపోతుంది. అందుకని ఉద్యోగమంతా చీకటిగదిలోనే వెళ్ళిపోతోంది.

వచ్చిన చిక్కల్లా అసిటోనుతోనే. గోళ్ళరంగు తుడిచే మందులో ఉండేదీ అదే మరి! కొత్త మేడం చేరిన దగ్గర్నుంచీ పని పెరిగింది, చొక్కాకు వాసనా పెరిగింది. భార్యది మామూలు ముక్కు కాదు.

"ఎవరి గోళ్ళు తుడిచొస్తున్నారు?"

"గోళ్ళేమిటే! చీకట్లో ఆకులు నూరుతాం."

"నూరుతాం అంటే? ఎవరెవరు?"

"నేనూ, మేడమూ."

నిజం చెప్పడమే ఆయన కొంప ముంచింది. నెల్లాళ్ళుగా ఆవిడ నోట ఒకటే మాట, మీరు అబద్ధాలకోరు అని. అన్నం పెడుతుంది, మొహం మాత్రం చూడదు. ఆయనకు ముద్ద దిగడం లేదు.

ఆ రోజు చీకటిగదిలో ఆయన ఒక్కడే ఉన్నాడు. వడపోత కాగితంలోంచి రంగు కిందికి దిగనని మొరాయిస్తోంది.

"దిగు బంగారం, మెల్లగా దిగు. నీకెందుకంత సిగ్గు?" అని బతిమాలుతున్నాడు.

తలుపు భళ్ళున తెరుచుకుంది. లైటు వెలిగింది. ఎదురుగా భార్య!

"ఏదీ ఆ బంగారం?"

ఆయన గాజుగొట్టం చూపించాడు. ఆవిడ బల్ల కింద వెతికింది, బీరువా వెనక వెతికింది. ఎవరూ దొరక్కపోయేసరికి ఏడుపందుకుంది. "నన్నెప్పుడైనా అలా పిలిచారా?"

"ముందా లైటార్పవే తల్లీ!"

ఆర్పితే ఆ బంగారమెవరో పారిపోతుందని ఆవిడ స్విచ్చికి అడ్డంగా నిలబడింది.

ఈ గోలకు మేడం పరిగెత్తుకొచ్చింది. నెరిసిన జుట్టు, మొదలంటా కత్తిరించుకున్న గోళ్ళు.

"ఎవరు వేశారీ లైటు? రంగంతా పోయినట్టే! మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి."

"నేనే మేడం. చెయ్యి తగిలింది," అన్నాడాయన. చెవులు కందిపోయాయి.

భార్య చర్రున ముందుకొచ్చింది. "ఈయన మాట నమ్మకండి మేడం, లైటు నేనే వేశాను. ఈ మనిషికి అబద్ధమాడ్డం చచ్చినా రాదు!"

నెల్లాళ్ళుగా ఆ ఒక్కమాట కోసమే ఆయన కాళ్ళావేళ్ళా పడుతున్నాడు. సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. అనేశాక గానీ తను ఏమందో ఆవిడకు తట్టలేదు. భర్త మొహం చూడలేక, గబుక్కున లైటు ఆర్పేసింది.