ఒకరి కింద పనిచేయని ఇల్లు

ఆ రోజుల్లో మా ఇంటికి పేదరికం వచ్చింది గానీ, దాన్ని కూర్చోమని మేమెవరమూ అనలేదు. వానల్లేక వేరుశనగ చేన్లు ఒక్కొక్కటే చేతులు మారినా, నాయన పంచె మడత నలగలేదు. నా డిగ్రీ అయ్యాక అనంతపురంలో ఒక సోలార్ కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది. ఆ జీతం రాకపోతే మిగిలిన చేనూ పోయేదే. గుత్తిలో కంప్యూటర్ సెంటరు నడిపే మా మేనబావ, రెజ్యూమె మొదట్లో ఆబ్జెక్టివ్ అని అందరికీ టైపు కొట్టే వాక్యమే నాకూ కొట్టాడు: అనుభవజ్ఞుల 'అండర్' పనిచేసి ఎదగడమే నా ధ్యేయమని.

నాయన దాన్ని చదివించుకుని విన్నాడు (ఇంగ్లీషు రాక కాదు, కళ్లద్దాలు పగిలి ఉన్నాయి, కొత్తవి ఎందుకు కొనలేదని మా ఇంట్లో ఎవరూ అడగరు). "అండర్ అంటే కిందనే కదప్పా? మన ఇంట్లో ఎవురూ ఒకరి కింద చేసిండ్లేదు. తీసెయ్."

"ఫర్ అని పెడతా మామా. వాళ్ల కోసరం అని."

"వాళ్ల కోసరం మనమెందుకు చేయల్ల? చుట్టాలా?"

"ఇంక విత్ ఒకటుండాది. వాళ్లతో కలిసి అని."

"అది పెట్టు. పొత్తు సేద్యం మాదిరి మర్యాదగా ఉండాది."

"ఉద్యోగం రాకపోతే నన్ననొద్దు," అన్నాడు బావ.

పొత్తు మాటలకు ఇంటి పెద్ద ఉండాలని ఇంటర్వ్యూకు నాయన కూడా వెంట వచ్చాడు. మేనేజరు ఆ వాక్యం చదివి, "ఏమప్పా, ఉద్యోగానికి వచ్చినావా, కంపెనీలో వాటా అడిగేదానికి వచ్చినావా?" అన్నాడు. నేను నిటారుగా నిలబడ్డాను (మాకు బాగా వచ్చిన పని అదొక్కటే). ఆయన కిటికీలోంచి చూశాడు. "ఆ పెద్దాయన ఎవరు? కుర్చీలుండంగా ఎండలో నిలబడినాడే?"

"మా నాయన సార్. ఎవరూ కూర్చోమనలేదు. అనకుండా మా ఇంట్లోవాళ్లు కూర్చోరు."

మేనేజరు లేచి వరండాలోకి వెళ్లి, తానే కుర్చీ నీడకు జరిపి, "కూర్చోండి పెద్దాయనా," అన్నాడు. నాయన కూర్చున్నాడు. ఆయన తెప్పించిన టీ తాగి, గ్లాసు కింద పెట్టి, మెల్లగా, "మావాడు చెప్పినట్ల వింటాడప్పా. నీ కిందనే పెట్టుకో," అన్నాడు.

ఆ మాట ఆయన నోట నేను మళ్లీ వినలేదు. ఇప్పుడు ఆ మేనేజరు గది నాది. వచ్చే రెజ్యూమెలన్నిటిలో అండరే. ఇంటర్వ్యూకు వచ్చే పిల్లల వెంట పెద్దవాళ్లెవరైనా వచ్చారేమోనని కిటికీలోంచి చూస్తాను. ఎవరూ ఉండరు. అయినా వరండాలో ఒక కుర్చీ నీడకు జరిపించి ఉంచుతాను (ఎందుకని అడిగితే, ఎండకు ప్లాస్టిక్ పాడవుతుందని చెబుతాను).