నాయన మీటింగుల్లో నా కాలు

నా చిన్నప్పుడు, పన్నెండేళ్ల వయసులో, ఒక అబద్ధం చెప్పాను. దానివల్ల ఒక మంచి మనిషి ఉద్యోగం పోయింది. నాకు కుడికాలు కొంచెం కుంటిగా మిగిలింది. కాలు గురించి నాకు పెద్దగా బాధ లేదు. మిగతాది మాత్రం ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

మాది హిందూపురం నుంచి పరిగి పోయే దారిలో ఒక పల్లె. నాయన పంచాయతీ ప్రెసిడెంటు. చెడ్డవాడు కాదు. కరువు వచ్చిన ఏడాది మా గాదె తెరిచి ఊరికి రాగులు పంచాడు. కానీ కొత్తది ఏది వచ్చినా ఆయన అడిగేది ఒకటే ప్రశ్న: "మన తాతలు చేసినారా?" ఊరి బావిలో అందరూ నీళ్లు తోడుకోవచ్చా అన్నా అదే, ఆడపిల్లలను హైస్కూలుకు పంపుదామా అన్నా అదే. దానికి జవాబు ఎప్పుడూ 'లేదు' కాబట్టి నాయన ఎప్పుడూ గెలిచేవాడు. ఊరికి దిగువన పేటలో కూలి పనులు చేసుకునే క్రైస్తవ కుటుంబాలు ఉండేవి. వాళ్ల పిల్లలు మాతోపాటే చదివినా, బడిలో వేరే వరసలో కూర్చునేవాళ్లు.

అప్పుడు ధర్మవరం నుంచి ఒక డ్రిల్లు మాస్టరు వచ్చారు. మగ్గం నేసేవాళ్ల ఇంట్లో పుట్టిన మనిషి, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆయన ఫుట్‌బాల్ ఆడే ఒక తోలు బంతి తెచ్చి, ఊరి పిల్లలనూ పేట పిల్లలనూ కలిపి ఒకే జట్టు చేశారు. ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. మా ఇంట్లో అవ్వ నాకొక నియమం పెట్టింది. తోలు మైల; చెప్పులూ తోలే కాబట్టి బంతి కాలికి తగలొచ్చు, తలకు మాత్రం తగలకూడదు. తగిలితే తలస్నానం చేసేదాకా గడప తొక్కనివ్వదు. రోజూ సాయంత్రం వాకిట్లో నిలబెట్టి "తలకు తగిలిందా, నిజం చెప్పు" అని అడిగేది. అందుకని బంతి ఎత్తులో వస్తే నేను మెడ పక్కకు తిప్పేసేవాణ్ణి. అది అలవాటైపోయింది.

పెనుకొండ బడితో పోటీ ఒప్పుకున్నారు. కెప్టెన్ ఎవరో ఒక సాయంత్రం ఆటలో తేలాలి. ప్రెసిడెంటు కొడుకును, నేనే అనుకున్నాను. ఆట మధ్యలో బంతి పైనుంచి సరిగ్గా నా మీదికి వచ్చింది. నేను మెడ తిప్పేశాను. నా వెనకాల పేట కుర్రవాడొకడు ఎగిరి దాన్ని తలతో కొట్టాడు. గోలు పడింది. ఊరి పిల్లలు కూడా వాణ్ణి ఎత్తుకుని గంతులు వేశారు. మాస్టరు నన్ను చూసి నవ్వి, "ఏమిరా, బంతి వస్తే దండం పెట్టి దారి ఇస్తాండావే!" అన్నారు. అందరూ నవ్వారు.

నా ఒళ్లు మండిపోయింది. వాడికి మళ్లీ బంతి దొరకగానే వెనకనుంచి పరుగెత్తి, బంతిని వదిలేసి వాడి పిక్క మీదికి గురిపెట్టి కాలు విసిరాను. వాడు తప్పుకున్నాడు. నేను మైదానం అంచున ఉన్న గుండురాయి మీద పడ్డాను. మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

నన్ను ఇంటికి మోసుకొచ్చింది ఆ కుర్రవాడే. అర మైలు దూరం, వీపు మీద. "ఏడవద్దప్పా, వచ్చేసినాం" అంటూనే ఉన్నాడు. మాస్టరు ఎముకలు కట్టే ఆయన కోసం ఇంకో వైపు పరుగెత్తారు. వాకిట్లో అవ్వ నా కాలు చూసి అరిచింది, తర్వాత నేను ఎవరి వీపు మీద ఉన్నానో చూసి ఇంకా గట్టిగా అరిచింది. నాయన బయటికి వచ్చాడు.

"ఎవరు చేసినార్రా?"

వాడి చెమట నా చొక్కాకు అంటుకుని ఉంది. నేను ఇంకా వాడి మీదనే ఉన్నాను. అక్కడినుంచే వాడి తల మీద వేలు పెట్టి చూపించాను.

వాడు నన్ను మెల్లగా అరుగు మీద దించి వెళ్లిపోయాడు.

మరునాడు నాయన వాడి పేరు బడి నుంచి కొట్టేయించాలని బయలుదేరుతుంటే మాస్టరు వచ్చారు. నేను నడవలో మంచం మీద ఉన్నాను. ఆయనకు అంతా తెలుసు, నేను పడినప్పుడు పది అడుగుల దూరంలోనే నిలబడి చూశారు. ముందు నా వైపు చూశారు. నేను చెబుతానేమోనని చాలాసేపు చూశారు. నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. దుప్పటి లోపలినుంచి ఆయన మాట విన్నాను.

"ఆ పిల్లోడు ఎవర్నీ తన్నలేదు సార్. ఆడ గుండు ఉండాదని తెలిసీ నేను ఆడించినా. తప్పు నాది. తీసేస్తే నన్ను తీసేయండి, వాని చదువు జోలికి పోవద్దు."

నాయనకు ఒక కూలివాడి కొడుకును బడి మాన్పించడం కంటే, కలిపి ఆడించిన మాస్టరును పంపించేయడమే పెద్ద గెలుపు. కుర్రవాడు బడిలో మిగిలాడు, మాస్టరు ఆ నెలలోనే పోయారు. ఎవరో ఒకరు తన్నకపోతే కాలు విరుగుతుందా అని ఊరు మాత్రం నా వేలునే నమ్మింది.

ఆ తర్వాతి పంచాయతీ ఎన్నికల్లో నాయన నన్ను మీటింగుకు తీసుకుపోయాడు. "నడిచి చూపించు నాయనా" అన్నాడు. నేను ఆ చివరినుంచి ఈ చివరికి కుంటుతూ నడిచాను. "ఊరినీ పేటనూ కలిపి ఆడించినారు. చూడండి! ఈ పొద్దు కాలు ఇరిగె, రేపు ఊరే ఇరుగుతాది" అన్నాడు. జనం అయ్యో అన్నారు. బావి మాట అడగాలని వచ్చినవాళ్లు కూడా నా కాలు చూసి ఊరుకున్నారు. ఆ రాజకీయం ఎంత తప్పో తెలిసే వయసు వచ్చాక నాయన మీద నాకు కోపం వచ్చేది. కోపం తెచ్చుకోవడం సులభం. ఆయనకు ఆ ఆయుధం అందించింది నేనే కదా.

పంతొమ్మిదేళ్లప్పుడు ధర్మవరం వెళ్లి మాస్టరును వెతికి పట్టుకున్నాను. మగ్గం గుంటలో కూర్చుని ఉన్నారు. నిలబడే అంతా చెప్పాను. ఆయన పోగుల మధ్య నాడె విసరడం ఆపలేదు.

"నాకెందుకు చెప్తాండావురా? నాకు తెలుసు కదా. తెలియనోళ్లకు చెప్పుకో పో" అన్నారు. తర్వాత, "అన్నం తిని పో" అన్నారు.

ఆ ఏడాది మళ్లీ ఎన్నికలు వచ్చాయి. నాయన నడవమన్నాడు. నడిచి, జనం మధ్యలో ఆగాను. ఈ కాలు ఎవరూ విరగ్గొట్టలేదని, వాణ్ణి తన్నబోయి నేనే పడ్డానని, వాడే నన్ను మోసుకొచ్చాడని, మాస్టరుది ఏ తప్పూ లేదని చెప్పాను. వెనకనుంచి ఒక ముసలాయన, "అట్లయితే ఇన్నేండ్లూ మాకు ఏం చూపించినట్టప్పా?" అన్నాడు. కొందరు నవ్వారు. నాయన తువ్వాలుతో మొహం తుడుచుకుని కూర్చున్నాడు. ఆ ఎన్నికలోనూ ఆయనే గెలిచాడు. నాతో మూడు నెలలు మాట్లాడలేదు.

ఆ ఆదివారం పేటకు వెళ్లాను. ఆ కుర్రవాడు అప్పటికి హిందూపురంలో గోడలు కట్టే పనిలో ఉన్నాడు, ప్రార్థనకు ఊరికి వచ్చాడు. నేను మొదలుపెట్టకముందే చెయ్యి అడ్డం పెట్టాడు. "విన్నాలేప్పా. నాకు కాదు, మా అమ్మకు చెప్పు. ఆమె మీటింగుకు రాలే, ఇంకా నేనే తన్నినాననుకుంటాండాది."

ఆమె వాకిట్లో శనక్కాయలు వలుస్తోంది. ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పాను. చేతులు ఆగాయి. కొడుకు వైపు చూసి, "ఆ పొద్దు వానికి అన్నం పెట్టలేదప్పా నేను" అంది. సాయంత్రందాకా అక్కడే కూర్చుని ఆమెతోపాటు కాయలు వలిచాను.

ఇప్పుడు నాకు ముసలితనం. వీధిలో పిల్లలు ఎందుకు కుంటుతున్నావు తాతా అని అడుగుతారు. ఆటలో విరిగింది అని చెప్పి తప్పించుకోవచ్చు, అది అబద్ధం కూడా కాదు. కానీ నేను అలా చెప్పను. "నాకంటే బాగా ఆడేవాణ్ణి తన్నబోయి విరగ్గొట్టుకున్నాను, తర్వాత వాడి మీదనే చెప్పాను" అంటాను. ప్రతిసారీ పూర్తిగా చెబుతాను.